కేంబ్రిడ్జ్‌లో వెనక బెంచీ లేదు

మన ఊళ్లలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పేర్లకు కొదవ లేదు. కాన్వెంటు మీద ఉంటాయి, స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్ మీద ఉంటాయి, మేడ మీద రెండు గదుల్లో నడిచే ప్లేస్కూలు బోర్డు మీదా ఉంటాయి. ఈమధ్య యూకేజీ పిల్లలకు కూడా నల్ల గౌన్లు, చదరపు టోపీలు అద్దెకు తెచ్చి తొడిగి ‘గ్రాడ్యుయేషన్ డే’ ఫొటోలు తీస్తున్నారు. నాకు వీటి మీద కోపమేమీ లేదు. పేరు బావుంది, పెట్టుకున్నారు. నా గొడవ వేరే. యూనివర్సిటీ అనే ఏర్పాటును ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్నాం అంటాం కదా, తెచ్చుకునేటప్పుడు గౌను తెచ్చుకున్నాం, పరీక్ష తెచ్చుకున్నాం, అక్కడ చదువు నిజంగా జరిగే ఒక్క గంటను మాత్రం అక్కడే వదిలేశాం.

నేను కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయికి కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం. వాడి దగ్గర కొన్ని నెలలు ఉన్నాను. కాబట్టి నేను ఆ యూనివర్సిటీలో చదివినదాన్ని కాదు, దాని గోడల పక్క ఫుట్‌పాత్ మీద నడిచినదాన్ని. మా చెల్లెలు వీడియో కాల్‌లో “అక్కా, ఆ యూనివర్సిటీ ఒకసారి చూపించు” అని అడిగేది. ఫోను ఎటు తిప్పాలో తెలిసేది కాదు. పెద్ద ఆర్చి, లోపల క్యాంపస్, క్యాంపస్‌లో బస్సు, అలాంటిదేమీ లేదక్కడ. వీధిలో నడుస్తుంటే ఎడమ చేతి వైపు ఒక పాత కోటగుమ్మం, అది ట్రినిటీ కాలేజీ. దాన్ని ఆనుకుని ఇంకో గుమ్మం, అది సెయింట్ జాన్స్. ఎదురుగా పుస్తకాల షాపు, బట్టల షాపు, కాఫీ కొట్టు. నాలుగడుగులు వేస్తే మరో కాలేజీ. ఊరే యూనివర్సిటీ, యూనివర్సిటీయే ఊరు.

ఇలాంటి కాలేజీలు ఇప్పుడు 31 ఉన్నాయి. మన లెక్కలో కాలేజీ అంటే పాఠాలు చెప్పే చోటు, యూనివర్సిటీ అంటే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే చోటు. అక్కడ పని పంపకం వేరుగా ఉంటుంది. లెక్చర్లు, ల్యాబులు, పరీక్షలు, డిగ్రీ, ఇవి యూనివర్సిటీవి. సీటు ఇచ్చేది, గది ఇచ్చేది, అన్నం పెట్టేది, జ్వరమొస్తే కనుక్కునేది కాలేజీ. ఫిజిక్స్ చదివే ఇద్దరు పిల్లలు, ఒకరు కింగ్స్‌లో, ఒకరు గర్టన్‌లో ఉన్నా, ఒకే హాల్లో ఒకే లెక్చర్ వింటారు, ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. కాలేజీ మాత్రం ఎవరిది వారిదే. ఒక్కో కాలేజీకి సొంత ఆస్తి, సొంత లెక్కలు, సొంత నియమాలు ఉంటాయి. వైస్ చాన్సలర్ ఫోన్ చేసి “ఇలా చేయండి” అంటే చేసే బంధువర్గం కాదు ఆ కాలేజీలు. కాలేజీని నడిపేది ఫెలోలు, అంటే అందులో ఉండే అధ్యాపకులే. యజమాని వేరే లేడు.

ఇక కాలేజీ చేసే అసలు పని ఇంకొకటుంది. దాన్ని సూపర్విజన్ అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో ట్యుటోరియల్ అంటారు. మా అబ్బాయి స్నేహితుల ఇంట్లో పండక్కి కలిసిన ఒక గుంటూరు అమ్మాయి నాకు దీన్ని విడమరిచి చెప్పింది. ఆ అమ్మాయి అక్కడ చరిత్రే చదువుతోంది. వారానికోసారి ఒక ప్రశ్న, చదవాల్సిన పుస్తకాల పట్టీ ఇస్తారట. చదివి, నాలుగైదు పేజీల వ్యాసం రాసి ముందే పంపాలి. తర్వాత ఒక గంటసేపు సూపర్వైజర్ ఎదురుగా కూర్చోవాలి. ఒక్కరే, లేదంటే ఇద్దరు, మహా అయితే ముగ్గురు.

“లెక్చర్ ఎగ్గొట్టొచ్చు ఆంటీ, ఎవరూ అడగరు. సూపర్విజన్ మాత్రం ఎగ్గొట్టలేం.”

“అటెండెన్స్ తీసుకుంటారా?”

“అటెండెన్స్ దాకా ఎందుకు, ఉండేదే ఇద్దరం. ఒకరు రాకపోతే రెండో మనిషి చచ్చినట్టే. దాక్కోవడానికి వెనక బెంచీ ఉండదు కదా.”

మొదటి వారం తను రాసిన మొదటి వాక్యం దగ్గరే సూపర్వైజర్ ఆగిపోయి, “ఇది నీకెలా తెలుసు?” అని అడిగారట. పుస్తకంలో ఉందని చెప్పింది. “పుస్తకం రాసినాయనకు ఎలా తెలుసు?” అన్నారు. గంటంతా అక్కడే గడిచిపోయింది. ఏడుపొచ్చిందని నవ్వుతూ చెప్పింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. అన్నేళ్ల సర్వీసులో డెబ్భై ఎనభై మంది కూర్చునే సెక్షన్‌లో ఏ పిల్లనూ ఆ రెండో ప్రశ్న అడిగే వ్యవధి నాకు దొరకలేదు.

ఎనిమిది వందల ఏళ్ల సంప్రదాయం కదా, మనకెలా వస్తుంది అంటారు చాలామంది. ఇక్కడే నాకు అభ్యంతరం. ఈ గంట వయసు ఎనిమిది వందల ఏళ్లు కాదు. ఆ యూనివర్సిటీ చరిత్రలో ఎక్కువ భాగం ఈ గంట లేకుండానే గడిచింది.

కేంబ్రిడ్జ్ పుట్టిందే ఒక తగాదాలో. 1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక స్త్రీ హత్య జరిగితే, ఆ నేరానికి ఊరివాళ్లు విద్యార్థులను పట్టి ఉరి తీశారు. భయపడి, కోపం తెచ్చుకుని పండితులు, శిష్యులు ఆక్స్‌ఫర్డ్ వదిలి తలో దిక్కు పోయారు. కొందరు తూర్పున చిత్తడి నేలల అంచున ఉన్న ఈ చిన్న సంత ఊరికి చేరారు. అప్పటికి కాలేజీ అంటూ లేదు. కుర్రాళ్లు అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, అద్దె దగ్గర, బీరు ధర దగ్గర ఊరితో కొట్లాడేవాళ్లు. 1284లో ఈలీ బిషప్ హ్యూ డి బాల్‌షమ్ కొద్దిమంది పండితుల కోసం పీటర్‌హౌస్ పెట్టాడు. మొదటి కాలేజీ అదే. తర్వాత రాజులు, రాణులు, బిషప్పులు, జమీందారు వితంతువులు ఒక్కో కాలేజీ పెట్టుకుంటూ పోయారు. చదువు మీద ప్రేమ ఒక కారణమైతే, తాము పోయాక తమ ఆత్మ కోసం రోజూ ఎవరో ఒకరు ప్రార్థన చేస్తూ ఉండాలన్నది ఇంకో కారణం. కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయాన్ని ఆరో హెన్రీ 1446లో మొదలుపెడితే, మధ్యలో అంతర్యుద్ధాలు వచ్చి, రాజులు మారి, రాతిపని ముగిసేసరికి 1515 అయింది. ఆ పైకప్పు కింద నిలబడి తల ఎత్తితే ఎంతటి విమర్శకులకైనా కాసేపు నోరు పడిపోతుంది. నాకూ పడిపోయింది.

ఊరివాళ్లు పెట్టిన కాలేజీ కూడా ఒకటుంది, కార్పస్ క్రిస్టీ. ప్లేగు తర్వాత 1352లో ఊళ్లోని రెండు సంఘాలు కలిసి పెట్టాయి. చిత్రమేమిటంటే, 1381 రైతుల తిరుగుబాటులో జనం మొదట విరుచుకుపడిన వాటిలో అదీ ఉంది. ఊళ్లో ఇళ్ల మీద ఆ కాలేజీ వసూలు చేసే అద్దెలు అంతగా పీడించేవి. యూనివర్సిటీ దస్తావేజులను సంత మధ్యలో కుప్ప పోసి కాల్చారు. మార్జరీ స్టార్ అనే ముసలావిడ ఆ బూడిదను గాలికి ఎగరేస్తూ పండితుల విద్య నశించాలని కేకలు పెట్టిందని రాసి ఉంది. తిరుగుబాటు అణిగాక రాజు ఊరిని శిక్షించాడు. రొట్టె, బీరు ధరలు, తూనికలు కొలతలు చూసే అధికారం తీసి యూనివర్సిటీ చేతిలో పెట్టాడు. ఊరి తక్కెడ మీద యూనివర్సిటీ పెత్తనం! ఊరికీ గౌనుకీ, అంటే యూనివర్సిటీవాళ్లకీ, మధ్య పగ అని తేలిగ్గా చెప్పుకుంటారు గానీ, నాకు మాత్రం అది కౌలుదారుకూ భూస్వామికీ మధ్య పగలాగే కనిపిస్తుంది.

ఎందుకంటే కాలేజీలు భూస్వాములే. మన గుళ్లకు మాన్యాలున్నట్టు వాటికి భూములున్నాయి. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసి భూములు లాక్కుంటున్నప్పుడు, కాలేజీలకూ అదే గతి పడుతుందని భయపడ్డారు. రాణి కేథరీన్ పార్‌ను ఆశ్రయించారు. చివరికి రాజు కాలేజీలను మింగకపోగా, ఉన్న రెండు పాత సంస్థలను కలిపి, మఠాల భూములు రాసిచ్చి 1546లో ట్రినిటీ కాలేజీ పెట్టాడు. అంటే సన్యాసుల పొలాలు పండితుల పొలాలయ్యాయి. ట్రినిటీ పెద్ద గుమ్మం మీద ఆ రాజు విగ్రహం ఇప్పటికీ ఉంది, చేతిలో రాజదండం బదులు కుర్చీ కాలు ఉంటుంది. ఎవరో విద్యార్థులు మార్చేశారంటారు, కాలేజీ అలాగే ఉంచేసింది. ఆ ఆస్తిని ట్రినిటీ తర్వాత ఎలా పెంచిందో చూడండి. 1933లో సముద్రతీరాన ఫెలిక్స్‌టో దగ్గర వ్యవసాయ భూములు కొన్నది. ఇవాళ అక్కడ బ్రిటన్‌లోకెల్లా పెద్ద కంటెయినర్ రేవు ఉంది. 1970లో ఊరి ఉత్తరాన తన పాత భూమిలోనే సైన్స్ పార్క్ పెట్టింది. ట్రినిటీ ఆస్తి వంద కోట్ల పౌండ్లు దాటి చాలా కాలమైంది.

ఇద్దరు పిల్లల ముందు ఒక పండితుడు గంటసేపు కూర్చోవాలంటే ఎవరో ఒకరు ఆ గంటకు డబ్బు కట్టాలి. అక్కడ ఆ డబ్బులో కొంత ప్రభుత్వం నుంచి, ఫీజుల నుంచి వస్తే, మిగతాది ఈ మాన్యాల నుంచి వస్తుంది. కాలేజీ గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ అద్దె రశీదుల సంగతి ఎత్తరు.

అయితే డబ్బుంటే చాలా? పద్దెనిమిదో శతాబ్దంలో డబ్బుంది, భూములున్నాయి, చదువు మాత్రం మూలన పడింది. ఫెలో పదవి వస్తే జీవితాంతం జీతం. పాఠం చెప్పి తీరాలన్న నియమం పెద్దగా లేదు. పెళ్లి చేసుకుంటే మాత్రం పదవి పోతుంది. బ్రహ్మచర్యం నిబంధన పూర్తిగా పోయింది 1882లో. పంతొమ్మిదో శతాబ్దంలో గణిత పరీక్ష, అంటే ట్రైపాస్, యూనివర్సిటీకి ప్రాణమైపోయింది. మొదటి తరగతిలో నెగ్గినవాళ్లను రాంగ్లర్లు అనేవాళ్లు. అందులో ఫస్టు వచ్చినవాడు సీనియర్ రాంగ్లర్, దేశమంతా పత్రికల్లో పేరు. 1899లో ఆ స్థానం దక్కించుకున్న భారతీయుడు పరాంజపేకు మన దేశంలోనూ అలాంటి నీరాజనమే పట్టారు. ఈ ర్యాంకుల కోసం పిల్లలు కాలేజీ అధ్యాపకులను నమ్ముకోలేదు. సొంత డబ్బు పెట్టి ప్రైవేటు కోచ్‌ల దగ్గరకు వెళ్లారు. అవును, కోచింగే. విలియం హాప్కిన్స్ అనే కోచ్‌కు సీనియర్ రాంగ్లర్లను తయారుచేసేవాడని పేరు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ రౌత్ 1854లో ఫస్టు వచ్చాడు. ఆ ఏడాది సెకండ్ వచ్చింది, తర్వాత మహా భౌతిక శాస్త్రవేత్త అయిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్! రౌత్ తర్వాత తానే కోచ్ అయి పాతిక మందికి పైగా సీనియర్ రాంగ్లర్లను తయారుచేశాడు. మన టీవీల్లో ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని ఊపిరాడకుండా చదివే ర్యాంకుల ప్రకటన రౌత్ కాలంలో ఉండి ఉంటే ఆయనకు గంట సమయం కూడా చాలేది కాదు. ఆ పరీక్షలో ఆనర్స్ వచ్చినవాళ్లలో ఆఖరి వాడికి, డిగ్రీలిచ్చే సభాభవనం సెనేట్ హౌస్ గ్యాలరీలో నుంచి పెద్ద కర్ర గరిటె వేలాడదీసి అవమానించేవాళ్లు. ఆ సరదా కూడా ఉండేది.

జి.హెచ్. హార్డీ, అదే, రామానుజన్‌ను పిలిపించుకున్న హార్డీ, ఈ ర్యాంకుల పోటీని అసహ్యించుకున్నవాళ్లలో ఒకడు. 1909 తర్వాత వరస ర్యాంకులు చదవడం ఆపేశారు. దానికి కాస్త ముందూ వెనకా, బయటి కోచ్‌ల పనిని కాలేజీలు తమ లోపలికి తెచ్చుకున్నాయి. సూపర్విజన్ పెరిగింది అలా. అంటే ఆ పవిత్రమైన గంటకు తాత ఎవరో కాదు, కోచింగ్ మాస్టారు. చేసిన మార్పు ఒక్కటే. కోచ్ ‘ఏం రాస్తే మార్కులొస్తాయి’ అని అడిగేవాడు, సూపర్వైజర్ ‘ఇది నీకెలా తెలుసు’ అని అడగడం మొదలుపెట్టాడు. నూటపాతికేళ్ల కిందట చూస్తూ చూస్తూ చేసుకున్న మార్పు ఇది. శిలాశాసనమేమీ కాదు. వాళ్లు చేసుకోగలిగింది మనం చేసుకోలేమనడానికి చరిత్రలో ఆధారం లేదు.

ఇంతవరకు రాసి, కాలేజీకి స్వేచ్ఛ ఉంది కాబట్టే ఇది సాధ్యమైంది అని ముగించేస్తే తేలిక. కానీ ఆ స్వేచ్ఛతో వాళ్లు ఇంకా ఏం చేశారో కూడా చూడాలి కదా.

1869లో గర్టన్, 1871లో న్యూనమ్, రెండూ ఆడపిల్లల కోసం పెట్టిన కాలేజీలు. పిల్లలు లెక్చర్లకు వెళ్లొచ్చు, అదీ ఆ ప్రొఫెసర్ దయ ఉంటే. పరీక్ష రాయొచ్చు. డిగ్రీ ఇవ్వరు. 1890లో న్యూనమ్ విద్యార్థిని ఫిలిప్పా ఫాసెట్ గణిత ట్రైపాస్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆడవాళ్ల పేర్లు విడిగా చదివేవాళ్లు కాబట్టి ఆమె స్థానం ‘సీనియర్ రాంగ్లర్‌కు పైన’ అని ప్రకటించారు. ఫస్టు వచ్చినవాడికి పైన ఉంది గానీ ఫస్టు కాదు, డిగ్రీ కూడా లేదు. సరిగ్గా ఆ మరుసటేడు, 1891లో, అదే ఊళ్లో డైసీ హాప్కిన్స్ అనే 17 ఏళ్ల అమ్మాయిని యూనివర్సిటీ ప్రొక్టర్లు, అంటే క్రమశిక్షణ చూసే అధికారులు, వీధిలో పట్టుకున్నారు. నేరం ఏమిటంటే, యూనివర్సిటీ సభ్యుడితో కలిసి నడవడం. యూనివర్సిటీకి అప్పట్లో సొంత కోర్టు, స్పిన్నింగ్ హౌస్ అనే సొంత జైలు ఉండేవి. విద్యార్థులను చెడగొడతారని అనుమానం వస్తే చాలు, ఊరి ఆడపిల్లలను అందులో వేసే అధికారం మొదటి ఎలిజబెత్ రాణి కాలం నుంచీ వాళ్ల చేతిలో ఉంది. డైసీకి 14 రోజుల శిక్ష వేశారు. కేసు లండన్ దాకా వెళితే, అసలు అలాంటి నేరమే చట్టంలో లేదని ఆ శిక్ష కొట్టేశారు. గొడవ పెద్దదై 1894లో పార్లమెంటు ఆ అధికారాన్ని తీసేసింది. పక్కన నడిచిన కుర్రాడి పేరు ఎంతమందికి గుర్తుందో మీరే ఊహించుకోండి.

1897లో ఆడవాళ్లకు డిగ్రీ పేరైనా ఇద్దామని ప్రతిపాదన వచ్చింది. ఓటు హక్కున్న పాత విద్యార్థులు, ఎక్కువమంది పల్లెటూరి పాస్టర్లు, రైళ్లెక్కి వచ్చి మరీ ‘వద్దు’ అని ఓటేశారు. వ్యతిరేక ఓట్లు అనుకూల ఓట్లకు రెండింతలు దాటాయి. సెనేట్ హౌస్ ఎదుటి మేడ మీద నుంచి సైకిలు తొక్కే ఆడమనిషి దిష్టిబొమ్మను వేలాడదీశారు. 1920లో ఆక్స్‌ఫర్డ్ ఒప్పుకున్నాక కూడా వీళ్లు ఒప్పుకోలేదు. 1921లో మళ్లీ ఓడించి, ఆ ఆనందంలో మగపిల్లలు న్యూనమ్ కంచు గేట్లను తోపుడు బండితో గుద్ది విరగ్గొట్టారు. 1941లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ చదువు ముగించినప్పుడు కూడా దక్కింది పేరుకు మాత్రం డిగ్రీయే. పూర్తి డిగ్రీ 1948లో ఇచ్చారు. మాకు ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా పట్టా పుచ్చుకుంటున్న కాలమది. కేంబ్రిడ్జ్ ఊరి పుస్తకాల షాపులో ఈ చరిత్ర చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. తమను తామే పాలించుకునే పెద్దమనుషుల సభ కదా అది, బయటి పెత్తనం లేని స్వేచ్ఛ కదా! ఆ స్వేచ్ఛలోంచే ఈ మొండితనమూ వచ్చింది. మతం సంగతీ అంతే. ఆంగ్లికన్ చర్చికి చెందనివాళ్లకు అడ్డంకులు పోవడానికి 1871లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. సైన్సు ల్యాబు కట్టాలంటే ధనిక కాలేజీలు జేబులోంచి తీయడానికి ఇష్టపడలేదు. చాన్సలర్‌గా ఉన్న డెవన్‌షైర్ డ్యూక్ సొంతంగా 6,300 పౌండ్లు ఇస్తే 1874లో కావెండిష్ ల్యాబు లేచింది. తర్వాత ఎలక్ట్రాన్‌ను కనిపెట్టింది ఆ ల్యాబులోనే.

కాబట్టి కాలేజీ స్వయంపాలన మంచిదా చెడ్డదా అంటే, లోపల చదువు ఎలా చెప్పాలన్న విషయంలో మంచిది, లోపలికి ఎవరిని రానివ్వాలన్న విషయంలో చెడ్డది అని నా తీర్పు. ఇప్పటికీ అంతే. బ్రిటన్ పిల్లల్లో ప్రైవేటు స్కూళ్లలో చదివేవాళ్లు నూటికి ఏడుగురో ఎనిమిదిమందో. కేంబ్రిడ్జ్‌లో చేరే బ్రిటిష్ పిల్లల్లో వాళ్ల వాటా పావు వంతుకు పైనే.

మిగతా కాలేజీ జీవితం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఫొటోలన్నీ దాని గురించే. గుమ్మం దగ్గర పోర్టర్లు ఉంటారు, ఎవరికి ఉత్తరం వచ్చిందో, ఎవరు రాత్రి ఆలస్యంగా వచ్చారో వాళ్లకు తెలుసు. గదులు ఊడ్చేవాళ్లను బెడ్డర్లంటారు. పచ్చిక మీద ఫెలోలే నడవాలి. ‘మే వీక్’ జూన్‌లో వస్తుంది. నది ఇరుకు కాబట్టి పడవలు పక్కపక్కన పోటీపడలేవు, వెనక పడవ ముందు పడవను గుద్దితే గెలిచినట్టు. గుంటూరు అమ్మాయి నన్ను ఒకసారి వాళ్ల కాలేజీలో ఫార్మల్ హాల్‌కు అతిథిగా తీసుకెళ్లింది. గౌను వేసుకున్న పిల్లలు, కొవ్వొత్తులు, గంట కొట్టగానే అందరూ లేచి నిలబడితే లాటిన్‌లో రెండు ముక్కల ప్రార్థన, ఎత్తయిన బల్ల దగ్గర ఫెలోలు. శాకాహారం అని ముందే చెప్పాం, పుట్టగొడుగులతో ఏదో పెట్టారు. ఉప్పు తక్కువైనా తినగలిగాను. 1914లో ట్రినిటీకి వచ్చిన రామానుజన్‌కు ఆ హాలు భోజనం ఒంటబట్టక, గదిలో సొంతంగా వండుకుంటూ యుద్ధకాలంలో కూరగాయలు దొరక్క ఎంత అవస్థ పడ్డాడో గుర్తొచ్చింది. కాలేజీ అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడుతుందంటారు గానీ, ఆ బల్ల మీద ఏముందన్నదీ చూడాలి. ఈ తంతు నాకు ముచ్చటగానూ ఉంది, కాస్త నాటకంలానూ ఉంది. ఇది తీసేసినా చదువుకు నష్టం లేదు.

టర్మ్ ఎనిమిది వారాలే, ఏడాదికి మూడు. అంతలోనే వారం వారం వ్యాసాలు, ప్రాబ్లమ్ షీట్లు. అయిదో వారం వచ్చేసరికి నిద్ర చాలక, టెన్షన్ పడి పిల్లలు డీలా పడతారు, దానికి ‘వీక్ ఫైవ్ బ్లూస్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. టర్మ్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయవద్దంటారు. ఇంట్లో డబ్బున్న పిల్లలకు ఇది సలహా, లేనివాళ్లకు ఇది సమస్య. పైగా ఆ సూపర్విజన్ గంటల్లో చాలా గంటలు ఇప్పుడు చెప్పేది పెద్ద ప్రొఫెసర్లు కాదు, పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాళ్లూ అలాంటివాళ్లూ. గంటకు ఇంతని ఇస్తారు. వ్యాసాలు దిద్దడానికి, తయారీకి పట్టే సమయానికి సరైన లెక్క లేదని కొన్నేళ్ల పాటు వాళ్లు యూనియన్‌తో కలిసి ఆందోళన చేశారు. రేవులున్న కాలేజీలు గంట దగ్గర బేరమాడటం చూస్తే మన కాంట్రాక్టు లెక్చరర్లు గుర్తురాక మానరు.

మన వైపు నుంచి ఆ కాలేజీ జీవితాన్ని లోపలి నుంచి చూసినవాళ్లు ఉన్నారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు సెయింట్ జాన్స్‌లో చదివారు, కేంబ్రిడ్జ్ యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆయనే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్. ఆ విశ్వవిద్యాలయంలోనే గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లి, సూడాన్‌లో జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థికల కొలతలను లెక్కగడుతూ, కింగ్స్ కాలేజీ నుంచి గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. గణాంకశాస్త్రంలో ఆయనకు పేరు తెచ్చిన పెద్ద ఫలితం మాత్రం అంతకు ముందే, 1945లో, కలకత్తాలో ఉన్నప్పటిది. కేంబ్రిడ్జ్ తయారుచేసింది అనేముందు ఈ తేదీలు చూసుకోవడం మంచిది.

రామలింగారెడ్డి గారంతటివారు వచ్చినా మన కాలేజీలు ఆ దారిన పోలేదు, ఎందుకంటే దారి అప్పటికే పడిపోయింది. 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తా యూనివర్సిటీలు పెట్టినప్పుడు నమూనాగా తీసుకున్నది అప్పటి లండన్ యూనివర్సిటీని. అది పాఠం చెప్పదు. కాలేజీలు ఎక్కడో ఉంటాయి, ఇది సిలబస్ ఇస్తుంది, పరీక్ష పెడుతుంది, డిగ్రీ ఇస్తుంది. వలస ప్రభుత్వానికి ఖర్చు తక్కువ, ఉద్యోగులు దొరుకుతారు. లండన్ ఆ తర్వాత మారిపోయింది. మనం ఆ 1857 నమూనాకే అనుబంధ కాలేజీలు తగిలించుకుంటూ వచ్చాం. ఇప్పుడు ‘అటానమస్’ హోదా అని ఒకటి వచ్చింది. నేను చూసినంతలో దానర్థం ఎవరి ప్రశ్నపత్రం వాళ్లు ప్రింటు చేసుకోవడం.

నా సర్వీసులో ఒకసారి ఫైనలియర్ పిల్లల్ని నలుగురైదుగురిని స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టుకుని, వాళ్లు రాసిన ఒక పేజీ మీద మాట్లాడటం మొదలుపెట్టాను. మొదట వచ్చిన ప్రశ్న “మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?” రాదని చెప్పినా ముగ్గురు మిగిలారు. వాళ్లు రాసే తీరు నెలల్లోనే మారింది. అయితే నా వర్క్‌లోడ్ పత్రంలో ఆ గంటలు చూపడానికి గడి లేదు. కాలేజీకి గ్రేడు ఇచ్చే టీమ్ వస్తుందన్న ఏడాది మాత్రం ప్రతి లెక్చరర్‌కూ ఇంతమంది అని పిల్లల్ని పంచి, మెంటార్ రిజిస్టర్లు రాయించారు. రెండు రాత్రుల్లో ఏడాది పొడుగునా జరిగిన సంభాషణలన్నీ రాసేశాం.

‘ఇంతమందితో ఎలా కుదురుతుంది’ అనేవాళ్లతో నేను లెక్క వేసి మాట్లాడతాను. ఎనభై మంది సెక్షన్‌ను ఐదుగురు చొప్పున విడదీస్తే పదహారు గుంపులు. ఒక్కో గుంపుకు నెలకోసారి అరగంట అంటే నెలకు ఎనిమిది గంటలు, వారానికి రెండు. దీనికి రాజు గారి దానపత్రం అక్కర్లేదు, రెండు క్లాసులు తగ్గిస్తే సరిపోతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, మా డిపార్ట్‌మెంట్‌లో ఖాళీ పోస్టులు నింపక నాకు నాలుగు సెక్షన్లు ఉండేవి. అప్పుడది వారానికి ఎనిమిది గంటలవుతుంది. ఆ ఎనిమిది గంటల జీతం ఎవరిస్తారన్నది ప్రభుత్వాన్ని, యాజమాన్యాలను అడగాల్సిన ప్రశ్న. అడిగేటప్పుడు కేంబ్రిడ్జ్ పేరు ఎత్తవద్దు. ఎత్తితే గౌన్లు కొనిపెడతారు.